‘ఫర్ ఎగ్జాంపుల్’ తరువాత ఏం రావాలి? ఒక విద్యార్థిని వ్యాసాలపై కేస్ స్టడీ

నేను హైదరాబాదులో చాలా ఏళ్లుగా ఇంగ్లీషు రచన నేర్పుతున్నాను. చదువు కోసమో ఉద్యోగం కోసమో విదేశాలకు వెళ్లదలచి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు సామర్థ్య పరీక్ష రాసేవారే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఇక్కడ రాస్తున్నది వారిలో ఒక విద్యార్థిని కేసు. ఆమె అనుమతి తీసుకుని, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను తొలగించి రాస్తున్నాను. సమస్య చూడటానికి చాలా చిన్నది. ఇంగ్లీషులో ఉదాహరణ ఇచ్చే ముందు రాసే ‘ఫర్ ఎగ్జాంపుల్’ అనే రెండు మాటలను ఎక్కడ రాయాలి, వాటి ముందు ఏముండాలి, వెనుక ఏముండాలి అన్నదే ఆ సమస్య. అయితే ఈ రెండు మాటల చుట్టూ ఏడు వారాలు పని చేశాక, ఇన్నేళ్లూ నేను పాఠం చెప్పిన తీరులోనే ఒక లోపం ఉందని నాకు అర్థమైంది. అందుకే ఈ కేసును వివరంగా నమోదు చేస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమె బీటెక్ చదివి, ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో నాలుగేళ్లుగా పని చేస్తోంది. సొంత ఊరు పల్నాడు జిల్లాలోని ఒక చిన్న పట్టణం. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివింది. నా దగ్గరికి వచ్చేసరికి పరీక్ష రెండుసార్లు రాసింది. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ విభాగాల్లో కావలసిన బ్యాండ్లు (ఈ పరీక్షలో ఇచ్చే స్కోర్లు) వచ్చినా, రైటింగ్‌లో రెండుసార్లూ 6 దగ్గరే ఆగిపోయింది. ఆమె దరఖాస్తు చేసుకున్న కోర్సుకు ఏ విభాగంలోనూ 6.5 కంటే తగ్గకూడదు.

ఈ పరీక్ష తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. రైటింగ్ విభాగానికి మొత్తం 60 నిమిషాలు ఇస్తారు. అందులో రెండో ప్రశ్న ఒక వ్యాసం, దానికి కనీసం 250 పదాలు రాయాలి, 40 నిమిషాలు కేటాయించమని సూచిస్తారు. మొదటి ప్రశ్నతో పోలిస్తే దీని విలువ రెట్టింపు. ప్రశ్న కింద ప్రతిసారీ ఒక సూచన ఉంటుంది: మీ జవాబుకు కారణాలు చెప్పండి, మీకు తెలిసిన విషయాల నుంచి గాని, మీ అనుభవం నుంచి గాని సంబంధిత ఉదాహరణలు ఇవ్వండి అని. ఈ సూచనను విద్యార్థులు ఎన్నోసార్లు చూసి ఉంటారు గాని, అందులో ‘మీ అనుభవం’ అనే మాట ఉన్న సంగతి చాలామంది గమనించరు. ఈమె కూడా గమనించలేదు.

మొదటి వారం ఆమె అంతకుముందు రాసిన 11 వ్యాసాలు తెప్పించుకుని వరుసగా చదివాను. వ్యాకరణం ఫరవాలేదు. పదజాలం బాగానే ఉంది. కాని దాదాపు ప్రతి పేరాలోనూ రెండో వాక్యమో మూడో వాక్యమో ‘ఫర్ ఎగ్జాంపుల్’తో మొదలవుతోంది, ఆ తరువాత ఉదాహరణ మాత్రం రావడం లేదు. ఒక పేరా మొదలు ఇలా ఉంది: “టెక్నాలజీ హెల్ప్స్ పీపుల్ ఇన్ మెనీ వేస్. ఫర్ ఎగ్జాంపుల్, టెక్నాలజీ ఈజ్ యూజ్డ్ ఇన్ మెనీ ఫీల్డ్స్. సచ్ యాజ్ ఎడ్యుకేషన్, మెడికల్, అగ్రికల్చర్ ఎట్‌సెట్రా.”

ఆ వ్యాసాల్లో ఇలాంటివి నాలుగు రకాల తప్పులున్నాయి. వాటిలో మూడు పైపైన కనిపించేవి, సులువుగా దిద్దగలిగేవి. నాలుగోది లోపల ఉంది.

తెలుగులో తప్పు కానిది

పైకి కనిపించే తప్పులను నేను వెంటనే ఎర్రసిరాతో దిద్దలేదు. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు చూడాలనుకున్నాను, ఎందుకంటే అంత చదువుకున్న అమ్మాయి, రోజంతా ఇంగ్లీషులో మెయిళ్లు రాసే అమ్మాయి, ఒకే తప్పును 11 వ్యాసాల్లోనూ చేస్తోందంటే దాన్ని అజాగ్రత్త అనడానికి లేదు. తప్పు వెనుక ఒక భాషాలవాటు ఉండి తీరాలి.

‘సచ్ యాజ్’తో వాక్యం మొదలుపెట్టి, క్రియ లేకుండా ముగించడం ఇంగ్లీషులో అసంపూర్ణ వాక్యం. తెలుగులో మాత్రం “టెక్నాలజీ చాలా రంగాల్లో వాడుతున్నారు. విద్య, వైద్యం, వ్యవసాయం లాంటివి.” అని రాస్తే ఎవరికీ ఏమీ తేడాగా అనిపించదు. క్రియ లేని వాక్యం మనకు సహజం. “ఆయన మా మేనమామ”, “ఇది మా ఊరు” వంటి వాక్యాల్లో క్రియ లేకపోయినా లోటు తెలియదు. అలాగే “ఉదాహరణకు మా ఊరి మిర్చి రైతులు” అని ఆగిపోయినా వినేవాడికి విషయం అందుతుంది. ఇంగ్లీషులో ‘ఫర్ ఎగ్జాంపుల్’ అన్నాక కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యం రావాలి, లేదా ఆ మాటలు అంతకుముందున్న పూర్తి వాక్యంలోనే కలిసిపోవాలి.

రెండోది స్థానానికి సంబంధించిన తేడా. మనం ముందు ఉదాహరణలు చెప్పి, ‘వంటి’ అని కలిపి, ఆ తరువాత అవి ఏ కోవకు చెందుతాయో చెబుతాం: జొన్న, సజ్జ, రాగి వంటి చిరుధాన్యాలు. ఇంగ్లీషులో ముందు కోవ వస్తుంది, తరువాత ‘సచ్ యాజ్’, చివర ఉదాహరణలు: మిల్లెట్స్ సచ్ యాజ్ జోవర్ అండ్ రాగి. ఆమె తొలి వ్యాసాల్లో ఒకచోట “జోవర్, రాగి లైక్ క్రాప్స్” అని ఉంది. అందులో పదాలు ఇంగ్లీషువే గాని వరుస మాత్రం తెలుగుది. పక్కపక్కన రెండు వరుసలూ రాసి చూపించగానే ఆమెకు ఒక్క నిమిషంలో అర్థమైంది, మళ్లీ ఆ తప్పు రాలేదు.

మూడోది ‘సచ్ యాజ్’ అని మొదలుపెట్టి చివర ‘ఎట్‌సెట్రా’ తగిలించడం. ‘సచ్ యాజ్’ అన్నప్పుడే ఇవి కొన్ని మాత్రమేనని చెప్పినట్టయింది. మళ్లీ ‘మొదలైనవి’ అనడం చెప్పిందే చెప్పడం. ఇక్కడ మన తెలుగు రాతను కూడా ఒకసారి చూసుకోవలసి ఉంటుంది. “వరి, పత్తి, మిర్చి మొదలైన పంటల వంటివి” అనే వాక్యాలు మనం రోజూ చదువుతూనే ఉంటాం, ఎవరూ ఆగి చూడరు.

ఇక పాఠ్యపుస్తకాల నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది. తెలుగు వ్యాకరణ పుస్తకాల్లో సూత్రం చెప్పి, కింద ‘ఉదా:’ అని రాసి, పక్కన పదాలు పేర్చడం అందరం చూసిందే. ఆ గుర్తు ఇంగ్లీషు నోట్సులోకి ‘ఎక్స్:’ అనే రూపంలో వచ్చింది, అక్కడి నుంచి వ్యాసంలోకి వచ్చింది. పరీక్ష వ్యాసంలో రెండు చుక్కలు పెట్టి జాబితా రాయడం కుదరదు. పైగా ఇంగ్లీషులో ‘ఎగ్జాంపుల్’కు వాడే సంక్షేపం అది కాదు. దాని సంగతి చివర చెబుతాను.

ఈ మూడు నాలుగు విషయాలకు రెండు తరగతులు సరిపోయాయి. విరామచిహ్నాలకు ఇంకో తరగతి పట్టింది. రెండు పూర్తి వాక్యాల మధ్య ‘ఫర్ ఎగ్జాంపుల్’ వస్తే దాని ముందు కామా చాలదని, ఫుల్‌స్టాప్ గాని సెమికోలన్ గాని కావాలని, దాని తరువాత మాత్రం కామా పెట్టాలని సాధన చేయించాను. ఇక్కడితో ఆగి ఉంటే ఆమె వ్యాసాలు శుభ్రంగా కనిపించేవి గాని, బ్యాండు మారేదని నేను అనుకోను.

అసలు లోపం

“టెక్నాలజీ ప్రజలకు అనేక విధాలుగా ఉపయోగపడుతోంది. ఉదాహరణకు, టెక్నాలజీని అనేక రంగాల్లో వాడుతున్నారు.” ఈ రెండు వాక్యాలను తెలుగులో పెట్టి, రెండో వారం ఆమె ముందుంచాను. రెండో వాక్యం మొదటి దానికి ఉదాహరణేనా అని అడిగాను. ఆమె చాలాసేపు చూసి, “రెండూ ఒకటే కదా సార్” అంది. నిజమే. మొదటి వాక్యం ఎంత విశాలమో రెండోదీ అంతే విశాలం. నేల మీదికి దిగలేదు. ‘ఫర్ ఎగ్జాంపుల్’ అన్నప్పుడు చదివేవాడు ఒక మనిషినో, ఒక ఊరినో, ఒక సంఘటననో చూడబోతున్నానని ఎదురుచూస్తాడు. అది కనబడకపోతే ఆ రెండు మాటలు అతుకుగా మిగిలిపోతాయి. పరీక్ష మూల్యాంకన ప్రమాణాల్లో 6 బ్యాండు దగ్గర, వాక్యాలను కలిపే పదాలు వాడినా ఆ కలపడం యాంత్రికంగా ఉండవచ్చని ఉంటుంది. ఆమె వ్యాసాలకు ఆ వర్ణన సరిగ్గా సరిపోయింది.

మిగిలిన వ్యాసాల్లో మరో రకం కనిపించింది. “ఒక పేరుమోసిన విశ్వవిద్యాలయం జరిపిన పరిశోధనలో 70 శాతం మంది…” అంటూ సాగే వాక్యం నాలుగు వ్యాసాల్లో, నాలుగు వేరువేరు విషయాల మీద, అదే 70 శాతంతో ఉంది. ఆ పరిశోధన ఎక్కడ చదివావని అడిగితే, చదవలేదని, అంతకుముందు తాను వెళ్లిన కోచింగ్‌లో అలా కంఠస్థం చేయించారని చెప్పింది. ఆ కేంద్రం పేరు నాకు అక్కర్లేదు, ఎందుకంటే ఈ అలవాటు ఒక్కచోటుది కాదు. నాకు బాధ కలిగించింది వేరే విషయం. నిజాయితీగా పని చేసుకునే ఒక అమ్మాయి, తన ఆఫీసులో కనబడని బగ్‌ను కనబడిందని ఎన్నడూ రాయని అమ్మాయి, ఇంగ్లీషు వ్యాసం అనేసరికి లేని పరిశోధనను ఉందని రాయడం తప్పనిసరి అనుకుంది. అలా అనుకునేలా నేర్పింది మేము, ఈ వృత్తిలో ఉన్నవాళ్లం. లేని లెక్కను కల్పించి రాయడం ఉదాహరణ ఇవ్వడం కాదు, అబద్ధం చెప్పడం. పైగా అది వాదాన్ని నిలబెట్టదు కూడా. ఆ శాతం ఎవరిది, ఎక్కడిది అన్నది తెలియకపోతే చదివేవాడికి కొత్తగా కనబడేదేమీ ఉండదు.

ఈ తప్పులో నా వంతు కూడా ఉంది. ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజున నేను ఒక కాగితం పంచేవాడిని. అందులో ‘ఫర్ ఎగ్జాంపుల్’, ‘ఫర్ ఇన్‌స్టన్స్’, ‘టు ఇలస్ట్రేట్’ వంటి మాటలన్నీ ఒక పట్టికగా ఉండేవి, వాటిని మార్చిమార్చి వాడమని సలహా ఉండేది. ఒకే మాట పదేపదే రాకూడదన్నది దాని ఉద్దేశం. ఆ మాటల తరువాత ఏం రాయాలన్నది మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఈమె దగ్గర కూడా అటువంటి కాగితమే ఉంది, వేరే చోట ఇచ్చింది.

అమ్మ అప్పుపుస్తకం

మూడో వారం నుంచి పద్ధతి మార్చాను. ఇంగ్లీషు పక్కన పెట్టి, ప్రశ్న చదివి తెలుగులో మాట్లాడమన్నాను. చిన్న వ్యాపారులకు సాంకేతికత మేలు చేసిందా లేదా అన్నది ఆ రోజు ప్రశ్న. ఆమె మొదట “చాలా మేలు చేసింది సార్, అన్ని రంగాల్లోనూ” అని మొదలుపెట్టింది. నేను మూడే ప్రశ్నలు అడుగుతూ పోయాను. ఎవరికి? ఎక్కడ? అంతకుముందు ఎలా ఉండేది?

కాసేపు తడుముకుని, వాళ్లమ్మ సంగతి చెప్పింది. వాళ్లమ్మ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. ఒకప్పుడు కుట్టుకూలి చేతికి రావడమే కష్టంగా ఉండేది. “చిల్లర లేదొదినా, రేపు పంపిస్తాలే” అని జాకెట్టు తీసుకుని వెళ్లేవారు. ఆ రేపు ఎన్నాళ్లకు వస్తుందో తెలియదు. వాళ్లమ్మ ఒక పాత నోట్‌బుక్కులో పేర్లు, బాకీలు రాసుకునేది. అడగడానికి మొహమాటం. 2016లో యూపీఐ వచ్చింది గాని, వాళ్ల వీధిలోకి ఆ అలవాటు రావడానికి కొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు మిషన్ పక్కన గోడకు క్యూఆర్ కోడ్ అతికించి ఉంది. చిల్లర లేదనే మాటకు తావు లేదు. ఆ నోట్‌బుక్కులో ఈమధ్య కొత్త పేజీ తిప్పలేదట.

ఇదంతా చెప్పి, ఆమె అడిగింది: “మా అమ్మ సంగతి రాస్తే మార్కులు పోవా సార్? పర్సనల్‌గా ఉంటుంది కదా.” ప్రశ్నపత్రం తీసి, కింద ఉన్న సూచనను పైకి చదవమన్నాను. ‘ఎక్స్‌పీరియన్స్’ అన్న మాట దగ్గర ఆగింది. “ఎందుకు పోతాయమ్మా, వాళ్లే అడుగుతున్నారు” అన్నాను.

ఆ రోజు రాసిన పేరాలో ఆమె ఉత్సాహం కొద్దీ అన్నీ పెట్టేసింది. మిషన్ ఎప్పుడు కొన్నారు, వీధిలో ఎందరు కుట్టేవారున్నారు, పండగల ముందు రాత్రి ఎంతవరకు కుడతారు, అన్నీ వచ్చాయి. వ్యాసంలో సగం అదే అయింది. ఉదాహరణ లేకపోవడం ఒక చిక్కయితే, ఉదాహరణే వ్యాసాన్ని మింగేయడం ఇంకో చిక్కు. వాదానికి పని చేసే వివరం ఏది, చేయనిది ఏది అని ఇద్దరం కూర్చుని ఏరాం. పండగల ముందు రద్దీ ఎంతో బాగుంది గాని, డబ్బు చేతికి రావడానికీ దానికీ సంబంధం లేదు, తీసేశాం. చిల్లర సాకు, బాకీల నోట్‌బుక్కు, గోడ మీది కోడ్, ఈ మూడూ ఉంచాం. రెండు వాక్యాల్లోకి వచ్చింది. మొదటి వాక్యం ఇలా తయారైంది: “ఫర్ ఎగ్జాంపుల్, మై మదర్, హూ స్టిచెస్ బ్లౌజెస్ ఎట్ హోమ్, యూజ్డ్ టు కీప్ ఎ నోట్‌బుక్ ఆఫ్ అన్‌పెయిడ్ బిల్స్.” చదివేవాడు ఏ దేశంలో ఉన్నా ఆ నోట్‌బుక్కు అతనికి కనిపిస్తుంది.

దాని ముందున్న వాక్యం కూడా మారవలసి వచ్చింది. ఇది నేను అంతకుముందు ఎవరికీ స్పష్టంగా చెప్పలేదు. “టెక్నాలజీ అనేక విధాలుగా ఉపయోగపడుతోంది” అనే వాక్యం కింద అమ్మ నోట్‌బుక్కు అతకదు, పెద్ద ఇంట్లో చిన్న దీపంలా ఎక్కడో ఉండిపోతుంది. అందుకని ఆ వాక్యాన్ని “తక్షణ చెల్లింపుల వల్ల చిన్న వ్యాపారులకు రావలసిన డబ్బు ఆలస్యం కాకుండా వస్తోంది” అని కుదించింది. నిజమైన ఉదాహరణ దొరికితే అది పై వాక్యాన్ని కూడా సరిదిద్దుతుందని నాకు ఆ రోజు బాగా తెలిసివచ్చింది. ఆమె ఇంతకాలం మామూలు మాట ముందు రాసి, దానికి ఉదాహరణ వెదికేది. ఇప్పుడు ఉదాహరణ ముందు పట్టుకుని, అది దేన్ని రుజువు చేయగలదో అంతే పైన రాయడం మొదలుపెట్టింది.

ఉపనయం

ఇంకా ఒక లోటు మిగిలింది. అమ్మ సంగతి చెప్పి పేరా ముగించేది. అది మిగతా వ్యాపారులకు ఎలా వర్తిస్తుందన్నది చదివేవాడే ఊహించుకోవాలి. దీన్ని వివరించడానికి మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం నాకు అక్కరకు వచ్చింది. అక్కడ అనుమానవాక్యానికి, అంటే తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని నిర్ధారించే వాదానికి, ఐదు అవయవాలు: ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (అసలు విషయానికి అన్వయించడం), నిగమనం (ముగింపు). కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కనుక, ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా, ఈ కొండ మీదా అటువంటి పొగే ఉంది, కాబట్టి కొండ మీద నిప్పుంది. ఇందులో ఉదాహరణ అనే అవయవంలో ‘ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు’ అనే సాధారణ నియమమూ (దీన్నే వ్యాప్తి అంటారు), వంటిల్లూ రెండూ కలిసే ఉంటాయి. వంటింటి దగ్గర ఆగిపోకుండా, తిరిగి కొండ దగ్గరికి తీసుకువచ్చేది ఉపనయం. నా విద్యార్థుల వ్యాసాల్లో చాలావరకు వంటింట్లోనే ఆగిపోతాయి.

ఆమెకు ఈ పోలిక బాగా పట్టింది. ఉదాహరణ తరువాత ఒక్క వాక్యం, వెనక్కి తీసుకువచ్చే వాక్యం, తప్పక రాయడం అలవాటు చేసుకుంది. అమ్మ పేరాలో ఆ వాక్యం ఇది: ఒక్కొక్క పనికి చిన్నచిన్న మొత్తాలు తీసుకునే ఇటువంటి వారికి, చెల్లింపు అక్కడికక్కడే జరిగితే బాకీలు పేరుకుపోవు.

అన్ని ప్రశ్నలకూ సొంత అనుభవం ఉండదు. ప్రజారోగ్యం మీద ప్రభుత్వం ఖర్చు చేయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆమె మళ్లీ పాత 70 శాతం వైపు వెళ్లబోయింది. అప్పుడు ఖచ్చితంగా తెలిసిన బహిరంగ విషయం ఒకటి ఎంచుకోమన్నాను. పోలియోను తీసుకుంది. భారతదేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియోరహితంగా ధ్రువీకరించింది. చిన్నప్పుడు ఆదివారం పూట బూత్‌కు వెళ్లి చుక్కలు వేయించుకున్న జ్ఞాపకం ఆమెకు ఉంది గనుక, ఆ వాక్యాల్లో జీవం కూడా వచ్చింది. తేదీలు గుర్తులేని చోట తేదీ లేకుండానే రాయమన్నాను. తెలిసినంత వరకే రాసిన ఉదాహరణ నిలబడుతుంది.

ఏడో వారం తరువాత పరీక్ష రాసింది. రైటింగ్‌లో 6.5 వచ్చింది. ఆ అర బ్యాండు అంతా ఉదాహరణల వల్లే వచ్చిందని నేను చెప్పడం లేదు. ఆ వారాల్లో ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) మీద, పేరా విభజన మీద కూడా పని చేశాం. ఒక్క కేసుతో నిర్ధారణలు చేయడం సరికాదు. నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఆమె చివరి ఐదు వ్యాసాల గురించి. వాటిలో ‘ఫర్ ఎగ్జాంపుల్’ వ్యాసానికి ఒకటి రెండుసార్లకు మించి లేదు, కొన్నిచోట్ల ఆ మాట లేకుండానే ఉదాహరణ సాగిపోయింది. నేను పంచే కాగితంలో ఆ పట్టిక తీసేశాను. దాని స్థానంలో ఎవరు, ఎక్కడ, అంతకుముందు ఎలా అన్న మూడు ప్రశ్నలున్నాయి, ఉపనయానికి ఒక ఖాళీ గీత ఉంది.

ఇ.జి., ఐ.ఇ.

సంక్షేపాల సంగతి చివర చెబుతానన్నాను. ఇంగ్లీషులో ‘ఫర్ ఎగ్జాంపుల్’కు బదులు వాడే ‘ఇ.జి.’ లాటిన్ మాటల సంక్షేపం, ‘ఎగ్జెంప్లీ గ్రాషియా’, ఉదాహరణకు అని అర్థం. ‘ఐ.ఇ.’ కూడా లాటినే, ‘ఇడ్ ఎస్ట్’, అంటే, అనగా అని అర్థం. మొదటిది కొన్నింటిని చూపి మిగతావి ఉన్నాయని సూచిస్తుంది, రెండోది ఇవే, ఇంతే అని గీత గీస్తుంది. పరీక్ష వ్యాసంలో రెండింటినీ వాడవద్దని, పూర్తి మాటలే రాయమని చెబుతాను. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు శైలి నియమాలు కూడా ఈ సంక్షేపాల బదులు పూర్తి మాటలే వాడమంటాయి. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లలో కొన్ని ‘ఇ.జి.’ని తప్పుగా పలకడం అందుకు ఒక కారణం.

ఈ తేడా ఆమెకు పరీక్షలో కంటే ఆఫీసులో ఎక్కువ అవసరమైంది. ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు ఫోన్ చేసింది. వాళ్ల బృందానికి వచ్చిన, సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో చెప్పే ఒక రిక్వైర్‌మెంట్ పత్రంలో, వినియోగదారుడు అప్‌లోడ్ చేయగల ఫైళ్ల రకాలు చెబుతూ, ‘ఐ.ఇ.’ అని రాసి పీడీఎఫ్, జేపీజీ అనే రెండు పేర్లు ఇచ్చారట. డెవలపర్లు ఆ రెండింటికే కోడ్ రాశారు, టెస్ట్ కేసులు కూడా ఆ రెండింటికే సిద్ధమయ్యాయి. ఆమెకు అనుమానం వచ్చి, ఇవి రెండే రకాలా, లేక ఉదాహరణకు రెండు చెప్పారా అని ఒక్క వాక్యం మెయిల్ పెట్టింది. ఉదాహరణకే చెప్పామని, ఇంకా మూడు రకాలు ఉన్నాయని మర్నాడు జవాబు వచ్చింది.